టాలెఫ్సన్ పేరు పిలిచేదాకా

గుమస్తా పేర్లు పిలవడం మొదలుపెట్టేసరికి సెనేటర్ ఆర్విడ్ టాలెఫ్సన్ తన బల్ల దగ్గరే కూర్చుని ఉన్నాడు. మామూలు రోజుల్లో ఓటంటే ఇలా ఉండదు. ఎవరికి తీరినప్పుడు వాళ్లు వస్తారు, గుమస్తా వైపు బొటనవేలు పైకో కిందికో చూపిస్తారు, పక్కవాడి మోకాలి ఆపరేషన్ గురించి ఒక మాట అడిగి వెళ్లిపోతారు. ఇవాళ మాత్రం ఎవరి బల్ల దగ్గర వాళ్లు కూర్చోవాలనీ, పేరు పిలిచినప్పుడు లేచి నోటితో చెప్పాలనీ రెండు పక్షాలవాళ్లూ ఒప్పుకున్నారు. ఈ ఏడాది మొత్తం మీద ఇద్దరూ ఒప్పుకున్నది ఆ ఒక్క విషయమే కాబోలు. తొంభై తొమ్మిది మంది. వందో మనిషి గుండె ఆపరేషనై ఆసుపత్రిలో ఉన్నాడు. ఇంగ్లీషు అక్షరాల వరసలో పిలుస్తారు గనక ఆర్విడ్ పేరు బాగా చివర్న వస్తుంది. బళ్లో కూడా అంతే, ఏది పంచినా టాలెఫ్సన్ దాకా వచ్చేసరికి డబ్బా అడుగు కనిపించేది. అప్పుడు ఏడుపొచ్చేది. ఇవాళ ఆ దూరం చూస్తే ఏదో కాస్త వెసులుబాటు దొరికినట్టుగా ఉంది, వెంటనే ఆ వెసులుబాటు మీద సిగ్గుగానూ ఉంది.

అడుగుతున్నది ఒక్కటే ప్రశ్న. అధ్యక్షస్థానం ఇచ్చిన తీర్పు నిలవాలా, వద్దా? అరగంట కిందట, రూత్ వాండర్సీని పెద్ద కోర్టుకు జడ్జిగా వేసే విషయంలో ఇక చర్చ ముగిద్దామా అని అడిగితే యాభై ఆరు మంది సరే అన్నారు. అరవై మంది అంటే గానీ చర్చ ముగియదు, చర్చ ముగియకపోతే ఆమె జడ్జి కాదు. చర్చ అంటే ఎవరో మాట్లాడుతున్నారని కాదు. ఒకప్పుడు కాళ్లు పడిపోయేదాకా నిలబడి మాట్లాడేవాళ్లట. ఇప్పుడు ఫిలిబస్టర్ అంటే నలభై ఒక్క మంది తల అడ్డంగా ఊపి భోజనానికి పోవడం. అప్పుడు ఆర్విడ్ పక్షం నాయకురాలు కొరీన్ డెలహంట్ లేచి, జడ్జీల విషయంలో అరవై అక్కర్లేదు, సగం దాటితే చాలు, అంది. వేదిక మెట్టు కింద కూర్చున్న అడిలేడ్ రస్క్, ఇరవై ఏడేళ్లుగా ఈ సభకు నియమాలు చెబుతున్న మనిషి, తల వెనక్కి తిప్పి సభాధ్యక్షుడి చెవిలో ఏదో అంది. ఏమందో అందరికీ తెలుసు. అధ్యక్షుడు అదే పైకి చెప్పాడు: నియమం ప్రకారం అరవై కావాలి. రెండు రెళ్లు నాలుగన్నంత నిజం. ఆ నిజం నిలుస్తుందా లేదా అనే ఇప్పుడు ఓటు. యాభై మంది లేచి ‘కాదు’ అంటే ఈ క్షణం నుంచి అది నిజం కాకుండా పోతుంది. డెలహంట్ లెక్క పెట్టుకుంది. సొంత పక్షంలో నలుగురు జారిపోగా సరిగ్గా యాభై మంది. ఆర్విడ్‌తో కలిపి.

“మిస్టర్ అబర్‌నాతీ.” “కాదు.” “మిసెస్ ఆల్డెన్.” “కాదు.” “మిస్టర్ బాస్కమ్.” “అవును.” పేరుకీ పేరుకీ మధ్య దగ్గు కూడా వినిపించడం లేదు. పైన చూడ్డానికి వచ్చినవాళ్ల వరసలు నిండిపోయి ఉన్నాయి. ఆర్విడ్ బల్ల సొరుగు కొద్దిగా లాగాడు. లోపల చెక్క మీద అంతకుముందు ఆ బల్ల దగ్గర కూర్చున్నవాళ్లు చెక్కుకున్న పేర్లు, కొన్ని బానిసల కాలం నాటివి. వీళ్లలో ఎవరూ ఇలాంటి ‘కాదు’ చెప్పి ఉండరు అనుకున్నాడు. వెంటనే, వీళ్లలో సగం మంది మనుషుల్ని అమ్మడానికీ కొనడానికీ ‘అవును’ చెప్పి ఉంటారు, ఆపుతావా ఆ పూజ, అనుకున్నాడు. ఆ రెండో గొంతు సోల్వేగ్‌ది. భార్య పోయి ఆరేళ్లయినా ఆమె గొంతు మాత్రం సరిగ్గా అవసరమైనప్పుడే వస్తుంది, అదీ తిట్టడానికే.

పొద్దున్న ఏడున్నరకి హార్లన్ పెట్టస్ ఆర్విడ్ గదికి వచ్చాడు. అలబామా సెనేటరు, అవతలి పక్షం, తలుపు కొట్టడం ఎరగని మనిషి. చేతికర్ర కుర్చీకి ఆనించి, “కాఫీ ఇస్తావా, కాఫీకి కూడా అరవై ఓట్లు కావాలా?” అన్నాడు. నవ్వు రాలేదు గానీ ఇద్దరూ నవ్వారు. కాఫీ పోస్తుంటే పెట్టస్ కిటికీలోంచి చూస్తూ, “నువ్వు గోడలోంచి ఒక్క ఇటుక తీస్తానంటున్నావు, ఆర్విడ్. ఏదో ఒక రోజు మావాళ్ల చేతికి వస్తుంది ఈ సభ. మావాళ్లకి ఇటుకలు ఎంచే ఓపిక లేదు. గోడ మొత్తం తోసేస్తారు. అప్పుడు నేను అడ్డం పడుకున్నా నా మీంచే నడిచి పోతారు,” అన్నాడు. ఆర్విడ్‌కి ఆ మాట తెలుసు. వారం రోజులుగా తనలో తాను అనుకుంటున్న మాటే, ఇంకొకరి నోట వింటే కోపం వచ్చింది. “అయితే రూత్‌ని వదిలెయ్యండి. నాలుగు ఓట్లు తే. నాలుగు కూడా వద్దు, నీదొక్కటి వెయ్యి. నువ్వు వేస్తే ఆ మాట పట్టుకుని డెలహంట్ ముందు నిలబడతాను, నా ఓటు దొరకదని మొహం మీదే చెప్తాను.” పెట్టస్ కప్పు కింద పెట్టాడు. “ఆవిడ మీద నాకేం లేదు. ఆవిడ రాసినవన్నీ చదివాను. బంగారంలాంటి మనిషి. కానీ జూన్‌లో పార్టీ టికెట్ కోసం మా పార్టీలోంచే ఒకడు నా మీద పోటీకి నిలబడుతున్నాడు. ముప్పై ఆరేళ్ల కుర్రాడు. నువ్వూ నేనూ కలిసి నవ్వుతున్న ఫొటో అచ్చేయించి ఇంటింటికీ పంచుతున్నాడు. కింద ఏం రాశాడో తెలుసా? ‘మీ సెనేటర్ ఎవరి మనిషి?’ ఆవిడకి ఓటేశానంటే ఆ ప్రశ్నకి జవాబు నేనే రాసిచ్చినట్టు.” “నీకు డెబ్భై నాలుగేళ్లు, హార్లన్. ఇంకా ఏం కావాలి నీకు?” “అదే ప్రశ్న నిన్ను నేను అడగనా?” అన్నాడు పెట్టస్. కాఫీ అయ్యాక లేస్తూ, మోకాలు నొప్పికి మొహం చిట్లించి, “సరే, చూద్దాం,” అన్నాడు. ఆ ‘చూద్దాం’ పట్టుకుని ఆర్విడ్ మధ్యాహ్నం దాకా బతికాడు. అరగంట కిందటి ఓటులో పెట్టస్ పేరు పిలిచినప్పుడు తను పెదవులు కదుపుతూ ఉన్నాడని, పక్క బల్ల మనిషి వింతగా చూశాక గానీ తెలియలేదు. పెట్టస్ లేచి, ఎవరి వైపూ చూడకుండా, చర్చ ముగించడానికి వీల్లేదని చెప్పి కూర్చున్నాడు.

“మిస్టర్ డేవెన్‌పోర్ట్.” “అవును.” “మిసెస్ డెలహంట్.” “కాదు.” ఆమె గొంతు ఖంగున మోగింది. నిన్న పక్షం భోజనాల దగ్గర ఆమె చిక్కుడు గింజల సూప్ పక్కకు జరిపి, “ఆర్విడ్ గారూ, మీ మనస్సాక్షికి ఒక్కరోజు సెలవిప్పించండి, జీతం కోత లేకుండా,” అంది. అందరూ నవ్వారు. తర్వాత ఒంటరిగా పట్టుకుని మెల్లగా చెప్పింది: “ముగ్గురు జడ్జీల కుర్చీలు ఖాళీ. ఒక్కో కుర్చీ వెనక జైల్లో అప్పీలు కోసం కూర్చున్నవాళ్లు ఎందరున్నారో నేను లెక్కలు తెప్పించాను, చూస్తారా?” చూడనన్నాడు. చూస్తే ఇక తప్పించుకోవడానికి దారి ఉండదని తెలిసే చూడనన్నాడు.

అసలు తనకి ఈ గోడ మీద భక్తి ఎప్పటినుంచి? పదకొండేళ్ల కిందట అటువాళ్లది పైచేయి, తమది తక్కువ పక్షం. అప్పుడు ఆ నలభై ఒక్క మందిని కూడగట్టింది ఎవరు? అలబామాలోని మాంట్‌గోమరీ నుంచి లీలాండ్ క్రూ అని ఒక జడ్జి పేరు పెద్ద కోర్టుకు వచ్చింది, పెట్టస్ దగ్గర కుర్ర వకీలుగా పనిచేసినవాడు. పెట్టస్ వచ్చి, “మంచివాడు, ఆర్విడ్, నా మాట నమ్ము,” అన్నాడు. నమ్మాడు కూడా. అయినా ఆ పేరుకి అడ్డుపడటం పక్షం నిర్ణయం, ఆ పని ఆర్విడ్‌కి అప్పజెప్పారు, ఎందుకంటే ఆర్విడ్ చెబితే నిజంలా వినిపిస్తుంది. క్రూ ఎప్పుడో రాసిన ఒక తీర్పులోంచి ఒక్క వాక్యం తీసి, ఇదే ఈ బల్ల ముందు నిలబడి, పదకొండు నిమిషాలు మాట్లాడాడు. పేపర్లు ఆ వాక్యాన్నే అచ్చేశాయి. వారం తర్వాత నడవలో ఒక బక్కపలచటి మనిషి టోపీ చేతిలో పట్టుకుని ఎదురొచ్చి, “సెనేటర్ గారూ, నేను లీలాండ్ క్రూని. మీరు చదివిన వాక్యం తర్వాత ఇంకో వాక్యం ఉందండీ,” అన్నాడు. అంతే, దారి వదిలి పక్కకు తప్పుకున్నాడు. ఆర్విడ్ గదికి వెళ్లి ఆ తీర్పు తెప్పించి చదివాడు. ఉంది. ఆ రెండో వాక్యం మొదటిదాన్ని పూర్తిగా తిరగేస్తుంది. కాగితం బల్ల మీద పెట్టి, మధ్యాహ్నం మూడింటికి వెళ్లి తన రాష్ట్రం నార్త్ డకోటా నుంచి వచ్చిన గోధుమ రైతులతో ఫొటో దిగాడు. క్రూ రెండున్నరేళ్లు ఆగి పేరు వెనక్కి తీసుకున్నాడు. పెట్టస్ ఈ పదకొండేళ్లలో ఒక్కసారి కూడా ఆ పేరు ఎత్తలేదు. ఎత్తి ఉంటే బాగుండేది. ఇవాళ పొద్దున్నయినా, కాఫీ తాగుతూ, ‘లీలాండ్‌కి నువ్వు చేసిందేమిటి?’ అని అడిగి ఉంటే ఎంత తేలికయ్యేది.

“మిస్టర్ హాథర్న్.” “కాదు.” క్రూ పేరు వెనక్కి తీసుకున్న మరుసటి ఏడే కదా, పెట్టస్ వంటింట్లో పదిమంది కూర్చుని రాజీ రాసుకున్నది, అయిదుగురు ఇటు, అయిదుగురు అటు. పెట్టస్ స్వయంగా మొక్కజొన్న పిండి అద్ది జెల్ల చేపలు వేయిస్తున్నాడు, నూనె చింది కాగితం మీద పడింది. మనసు బొత్తిగా ఒప్పుకోని మనిషి అయితే తప్ప జడ్జీలకు అడ్డుపడం. తక్కువ పక్షంవాళ్లు అడ్డుపడకపోతే పైచేయి ఉన్నవాళ్లు నియమం మార్చరు. నాలుగు వాక్యాలు. సంతకాలు పెట్టాక అందరూ చేతులు తుడుచుకుంటూ పిల్లల్లా నవ్వుకున్నారు. దేశాన్ని కాపాడామని ఎవరూ పైకి అనలేదు గానీ ఆ రాత్రి ఇంటికి నడిచి వెళ్తూ ఆర్విడ్ అలాగే అనుకున్నాడు. ఆ పదిమందిలో ఇద్దరు చచ్చిపోయారు. నలుగుర్ని సొంత పార్టీవాళ్లే ఇంటికి పంపారు. ఇద్దరు విసిగి తామే పోయారు. మిగిలింది తనూ పెట్టసూ. ఇద్దరి మధ్య ఒప్పందం అంటే అది ఒప్పందం కాదు, స్నేహం. స్నేహానికి ఈ సభలో ఓటు లేదు.

“మిస్టర్ కెస్లర్.” “అవును.” సోల్వేగ్ పోయింది జనవరిలో. నేల రాయిలా గడ్డకట్టి ఉంది, గొయ్యి తవ్వడం కుదరదు, తమ వైపు చలికాలంలో పోయినవాళ్లని శ్మశానం అంచున గదిలో ఉంచి మంచు కరిగాక పూడుస్తారు. చర్చిలో ప్రార్థనకి పెట్టస్ అలబామా నుంచి మూడు విమానాలు మారి వచ్చాడు, దక్షిణాదివాళ్లు వేసుకునే పల్చటి తోలు బూట్లతో, మంచులో పాదం మోపిన చోటల్లా జారుతూ. చర్చి కింది గదిలో ఆడవాళ్లు పెట్టిన హామ్ బన్నులు తింటూ, వణుకుతూ, “ఇంత చలిలో మీరు మనుషులుగా ఎలా మిగిలార్రా నాయనా,” అని రైతులందర్నీ నవ్వించాడు. ఆర్విడ్ మర్చిపోలేనిది అది కాదు. అందరూ చేసేది అది. మే నెలలో, మంచు కరిగాక, అసలు పూడ్చే రోజున, ఎవరికీ కబురు పెట్టలేదు; కొడుకు, కోడలు, పాస్టరు, అంతే. గేటు దగ్గర ఒక టాక్సీ ఆగింది. పెట్టస్ దిగాడు. “ఇవాళని నీకెవరు చెప్పారు?” అంటే, “మీ పాస్టరుకి వారం వారం ఫోన్ చేస్తున్నా. నేల ఎప్పుడు మెత్తబడుతుందా అని,” అన్నాడు. పెట్టె దింపుతున్నంతసేపూ పక్కనే నిలబడి మోచెయ్యి పట్టుకుని, “ఏడువు. ఇక్కడ నిన్ను చూసే ఓటరు ఎవడూ లేడు,” అన్నాడు.

ఆ మనిషి మీద కాదు గదా ఈ ఓటు. ఆ మనిషి మీద కాదు. ఎన్నిసార్లు చెప్పుకున్నా ఆ మాట నోట్లో నిలవడం లేదు. రూత్ మీద కూడా కాదు నిజానికి. రూత్ వాండర్సీ, చక్కెర దుంపలు పండించే మనిషి కూతురు, నార్త్ డకోటాలోనే బిస్మార్క్ కోర్టులో ఇరవై మూడేళ్లు డబ్బులేనివాళ్ల తరఫున వాదించింది. ఆమె పేరు పంపమని దేశాధ్యక్షుడి మనుషుల వెంటపడింది తనే. ఇరవై ఆరు నెలలైంది. జడ్జి కాబోయే మనిషి కొత్త కేసులు తీసుకోకూడదు, పాతవి అయిపోయాయి, ఈ అక్టోబరులో తండ్రి పొలంలో దుంపల లారీ తోలింది. ఇరవై ఆరు నెలల్లో ఆమెకు వ్యతిరేకంగా ఒక్కరంటే ఒక్కరు లేచి ఒక్క మాట అనలేదు. లీలాండ్ క్రూకి కనీసం ఒక తప్పుడు వాక్యమైనా దక్కింది. పెట్టస్ వెళ్లగానే రూత్‌కి ఫోన్ చేశాడు. ఆమె అంతా వింది. వెనక కోడి కూత వినిపించింది. “ఆర్విడ్ గారూ, మీరు ఏం చేసినా నేను తట్టుకుంటాను. లారీ తోలడం కూడా బానే ఉంది,” అంది. తర్వాత కాస్త ఆగి, “కానీ ఒక్కటి. నా పేరు చెప్పి మాత్రం చెయ్యకండి. ఆ బరువు నాకొద్దు. చేస్తే మీ పేరు మీదే చెయ్యండి,” అంది. “సరేనమ్మా,” అన్నాడు. అనగానే తెలిసింది, తను ఫోన్ చేసింది ఆ బరువు ఆమెకి అందించడానికేనని.

“మిస్టర్ ఓల్డ్‌హామ్.” “కాదు.” “మిస్టర్ పెట్టస్.” ఆర్విడ్ తలెత్తలేదు. కర్ర నేలకి తగిలిన చప్పుడు, కుర్చీ జరిగిన చప్పుడు, పెద్ద వయసు మనిషి ఊపిరి కూడదీసుకుని లేచే చప్పుడు, అన్నీ వినిపించాయి. “అవును,” అన్నాడు పెట్టస్. తీర్పు నిలవాలి. అరవై కావాలి. నిజాన్ని నిజమన్నాడు, అరగంట కింద అదే నిజాన్ని రూత్ మెడకు చుట్టినవాడూ అతనే. ఆ రెండూ ఒక్క మనిషిలో ఎలా ఇమిడాయని ఆర్విడ్ అడగలేడు, తనలోనూ ఇమిడాయి గనక. ఇప్పుడు ఆర్విడ్ కూడా ‘అవును’ అంటే? నియమం మిగులుతుంది. రూత్ లారీ తోలుతుంది. ఇంకో రెండేళ్లు, ఇంకో పేరు, ఇంకో లీలాండ్ క్రూ. కుర్చీలు ఖాళీగానే ఉంటాయి, తన చేతులు మాత్రం శుభ్రంగా ఉంటాయి. ‘కాదు’ అంటే ముగ్గురు జడ్జీలు. ఆ తర్వాత ఏ పక్షం గెలిస్తే ఆ పక్షం మనుషులే జడ్జీలు, అవతలివాడి దగ్గరికి వెళ్లి ‘మంచివాడు, నా మాట నమ్ము’ అని అడగాల్సిన పని ఎవరికీ ఉండదు. ఎవరూ ఎవర్నీ ఏమీ అడగక్కర్లేని ఇల్లు. అడిలేడ్ రస్క్ ముందున్న కాగితం మీద ఒక్కో ఓటుకీ ఒక గీత గీస్తోంది. ఆమె మొహంలో ఏమీ లేదు. ఇరవై ఏడేళ్లు ఎవరి పక్షమూ వహించని మొహం అది. ఆమె గీత గీసేటప్పుడు పెన్ను గట్టిగా నొక్కుతోందని మాత్రం ఇంత దూరానికీ కనిపించింది.

ఆర్, ఎస్. ఎస్ పేర్లు చాలా ఉన్నాయి, అంతలోనే అయిపోయాయి.

“మిస్టర్ టాలెఫ్సన్.”

లేచాడు. గుమస్తా తల ఎత్తి చూస్తోంది. డెలహంట్ వెనక్కి తిరగలేదు, భుజాలు మాత్రం బిగుసుకున్నాయి. రూత్ పేరూ, జైళ్లలో ఉన్నవాళ్ల లెక్కలూ, దేశం, అన్నీ వరసగా గుర్తు తెచ్చుకుని వాటి వెనక నిలబడదామనుకున్నాడు. ఏదీ రాలేదు. ఈ చోట ఒక ముసలి మనిషీ, అతని గొంతూ తప్ప ఏమీ లేవు.

“కాదు,” అన్నాడు.

గుమస్తా అతని పేరు మళ్లీ చదివి, ‘కాదు’ అని రాసుకుంది. కూర్చున్నాడు. మిగిలిన పేర్లు నీళ్లలోంచి విన్నట్టు వినిపించాయి. అవును నలభై తొమ్మిది, కాదు యాభై. అధ్యక్షస్థానం తీర్పు నిలవలేదు. తమ వైపు ఎవరో చప్పట్లు కొట్టబోయి, పక్కనున్నవాళ్లు చెయ్యి పట్టుకోవడంతో ఆగారు. అధ్యక్షుడు మళ్లీ అడిలేడ్ రస్క్ వైపు వంగాడు. ఆమె మళ్లీ తల వెనక్కి తిప్పి, ఈసారి కొత్త నియమం ఏమిటో చెప్పింది, ఇందాకటి గొంతుతోనే. చర్చ ముగిసింది. రూత్ మీద అసలు ఓటు సోమవారం. ఇక అది లాంఛనం. డెలహంట్ వచ్చి రెండు చేతులతో అతని చెయ్యి పట్టుకుంది. ఆమె కళ్లలో నీళ్లున్నాయి. అవి నిజమైన నీళ్లే. తలుపు దగ్గర విలేకరులు మూగి ఉన్నారని వెనక మెట్లు దిగి కిందికి వెళ్లాడు.

కింద, సభ నుంచి కార్యాలయాలకు నడిచే చిన్న రైలు ఆగి ఉంది. దాంట్లో హార్లన్ పెట్టస్ ఒక్కడే కూర్చున్నాడు, పక్క సీటు మీద టోపీ. ఆర్విడ్ ప్లాట్‌ఫాం మీద ఒక్క క్షణం ఆగాడు. తర్వాతి రైలుకి వెళ్లొచ్చు. కానీ పెట్టస్ చూశాడు. చూసి, మొహం తిప్పుకోలేదు. అది చెయ్యని మనిషి. టోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. మోకాలు మెల్లగా లోపలికి జరుపుకుని చోటిచ్చాడు.

“కూర్చోండి, సెనేటర్ గారూ,” అన్నాడు.

ఆర్విడ్ కూర్చున్నాడు. తలుపు మూసుకుంది. ఒకటిన్నర నిమిషం ప్రయాణం అది. ఇరవై రెండేళ్లలో ఆ ఒకటిన్నర నిమిషంలో వాళ్లు ఎన్ని బూతులు చెప్పుకున్నారో, ఎందరి మీద చాడీలు చెప్పుకున్నారో, ఎన్ని బేరాలు కుదుర్చుకున్నారో లెక్కలేదు. లీలాండ్ గురించి ఇప్పుడైనా చెబుదామని ఆర్విడ్ నోరు తెరిచాడు. ఆ రెండో వాక్యం గురించి. గోడ మీది దీపాలు ఒకదాని తర్వాత ఒకటి పెట్టస్ మొహం మీంచి జారిపోతున్నాయి. ఆ మొహంలో కోపం లేదు. కోపం కోసం వెతికాడు. ఎక్కడా లేదు.

రైలు ఆగింది. పెట్టస్ కర్ర ఊతంగా లేచి, దిగే ముందు టోపీ పెట్టుకుని, ఎంతో మర్యాదగా తల వంచాడు.

“వాండర్సీ గారికి నా అభినందనలు చెప్పండి. మీరు చాలా కష్టపడ్డారు ఆవిడ కోసం.”

“చెబుతానండీ,” అన్నాడు ఆర్విడ్.